మోసిన్ కార్బైన్ కొనే ముందు బ్యారెల్ మొదలు చూడు

ఒరేయ్ శీనూ,

గ్రీన్ కార్డు వచ్చేసిందని, ఇక మొదటి మోసిన్ కార్బైన్, అదే పాత రష్యా సైన్యపు పొట్టి తుపాకీ, కొనేస్తానని రాశావు. చాలా సంతోషంరా. ఇన్నాళ్లు ఆగి మంచి పని చేశావు. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ తమ దగ్గర పెట్టుకోకూడదు. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప వేరే దారి లేదు. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు, నీ రూమ్మేట్లకి కూడా చెప్పు.

తుపాకీ వెతికే ముందు క్యూరియో అండ్ రెలిక్ లైసెన్సుకి, అంటే పాత తుపాకులు సేకరించేవాళ్ల లైసెన్సుకి పెట్టేయ్. టైప్ 03 అంటారు. తుపాకుల సంగతి చూసే ఫెడరల్ శాఖ ఏటీఎఫ్‌కి ఫారం నింపి పంపాలి, మూడేళ్లకి 30 డాలర్లు, వయసు 21 నిండాలి. యాభై ఏళ్లు దాటి, తయారైనప్పటి రూపంలోనే ఉన్న తుపాకులు వేరే రాష్ట్రం నుంచి కూడా నేరుగా నీ ఇంటికి వస్తాయి. ఇది సేకరణకే, కొని అమ్మే వ్యాపారానికి పనికిరాదు. కొన్న ప్రతిదీ పుస్తకంలో రాయాలి, అది చట్టం. మీ రాష్ట్రం నియమాలు విడిగా చూసుకో.

ఇక అసలు విషయానికొస్తాను. మోసిన్ కార్బైన్లన్నీ ఒకే చూపులో ఒకేలా కనిపిస్తాయి. బ్యారెల్ దాదాపు 20 అంగుళాలు, మొత్తం పొడవు 40 అంగుళాలు, తూటా 7.62×54ఆర్. ఎం38 సోవియట్లు 1939లో తీసుకున్నది, దానికి బాయ్‌నెట్ లేదు. 1944లో ఎం44ని అధికారికంగా తీసుకున్నారు, కుడివైపు మడిచే నాలుగు పలకల బాయ్‌నెట్ దానికి శాశ్వతంగా ఉంటుంది. అంతకుముందే తయారై 1943 తేదీ ఉన్న ఇజెవ్‌స్క్ ఫ్యాక్టరీ ఎం44లు కొన్ని దొరుకుతాయి, ధర ఎక్కువ. తూలా ఫ్యాక్టరీ ఎం44ని 1944లోనే చేసింది, కాబట్టి నక్షత్రంలో బాణం గుర్తు చూస్తే వదలకు. ఇజెవ్‌స్క్ గుర్తు త్రిభుజంలో బాణం.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇదే ఎం44 తూర్పు యూరప్‌లో కొన్ని దేశాల్లో కూడా చేశారు. పోలండ్‌ది గుర్తు గుండ్రటి గీతలో 11. హంగరీది 02, చిన్న చిన్న భాగాల మీద కూడా కొట్టి ఉంటుంది. పనితనం చూస్తే ఈ రెండూ సోవియట్ యుద్ధకాలపు వాటికన్నా మెరుగు, నా మటుకు మొదటి కార్బైన్‌గా పోలండ్‌దే ఎంచుకుంటాను. చైనా టైప్ 53 వియత్నాం యుద్ధంలో విరివిగా వాడారు. చవగ్గా వస్తుంది గానీ బ్యారెల్ లోపల తుప్పు తిన్నవి ఎక్కువ, లోపల చూడకుండా తీసుకోకు. ఎం91/59 అంటే 91/30 అనే పొడుగు మోసిన్ రైఫిల్‌ని కోసి కార్బైన్ చేసింది, రిసీవర్ (బ్యారెల్ వెనక బిగించే లోహపు భాగం) మీద 1891/59 అని ఉంటుంది. వెనక సైట్ (గురి చూసే భాగం) మీద వెయ్యి మీటర్లు దాటిన అంకెలు అరగదీసి ఉంటాయి. ఇది ఆర్మరీలోనే, అంటే సైన్యపు ఆయుధశాలలోనే చేసిన మార్పు, నకిలీ అనుకోకు.

నకిలీలు వేరే ఉన్నాయి. ఎవరో గరాజ్‌లో 91/30 బ్యారెల్ కోసేసి ఎం38 అని అమ్ముతారు. వెనక సైట్ అంకెలు 20 దాకా పోతే అది పొడుగు రైఫిల్ సైటే, కార్బైన్‌కి 10 దగ్గర ఆగుతుంది. సైట్ మార్చేసి ఉండొచ్చు, అందుకే బ్యారెల్ మొదట్లో, రిసీవర్‌ని ఆనుకున్న చోట, తేదీ, ఫ్యాక్టరీ గుర్తు, నంబరు దగ్గరగా ఫొటో తీసి పంపమను. కోసిన బ్యారెల్ మూతి మీద ముందు సైట్ దిమ్మ ఎలా బిగించారో కూడా చూడు. ఫైలు గీతలు, కొత్త వెల్డింగ్ కనిపిస్తే వెనక్కి వచ్చేయ్.

ఒక చోట మాత్రం తొందరపడి నకిలీ అనకు: ఎం38 బ్యారెల్ ఉండి, చెక్క కుడివైపు బాయ్‌నెట్ పడుకునే గాడి ఉంటే అది ఎం44 చెక్క. 1944, 45ల్లో ఫ్యాక్టరీల్లోనే కొన్నింటికి అలా వేశారు, తర్వాత ఆర్మరీలు బాగుచేసినప్పుడు కూడా మార్చాయి. "నంబర్లన్నీ కలిశాయి" అన్న మాటకి అదనపు డబ్బు ఇవ్వకు. సోవియట్ ఆర్మరీలు బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి వెనక మూసే భాగం), అడుగు పలక, బట్ ప్లేట్ మార్చి, పాత నంబరు కొట్టేసి కొత్తది వేశాయి. అసలు నంబరు గుండ్రంగా, లోతుగా, బ్యారెల్ మీద అక్షరాల పోలికలోనే ఉంటుంది. తర్వాత వేసింది సన్నగా, కొన్నిసార్లు ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో గీసి ఉంటుంది. చతురస్రంలో అడ్డగీత గుర్తు ఉంటే బాగుచేసిన తుపాకీ అని అర్థం. అలాంటిది నాకు ఏమాత్రం తక్కువ కాదు, దాన్ని దానిగా తెలిసి, దాని ధరకే కొనాలి.

మూతి దగ్గర రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గీతలు) ఒకటి రెండు అంగుళాల లోపల మొదలైతే భయపడకు. ఉక్కు రాడ్‌తో ముందు నుంచి తుడిచి తుడిచి అరిగితే ఆర్మరీ ఆ భాగం వెడల్పు చేస్తుంది. లోపల అంచులు పదునుగా ఉంటే బాగానే పేలుతుంది.

ఇంటికొచ్చాక ముందు తూటా లేదని చూసి బోల్ట్ తీసేయ్. ట్రిగ్గర్ నొక్కి పట్టి వెనక్కి లాగితే వచ్చేస్తుంది. తర్వాత కాస్మోలీన్, అంటే తుప్పు పట్టకుండా నిల్వకి పూసిన చిక్కటి గ్రీజు సంగతి. చెక్క మీద సోవియట్ షెల్లాక్ ఉంటే ఆల్కహాల్ తగలనివ్వకు, పూత కరిగిపోతుంది. మినరల్ స్పిరిట్స్ పూతని ఏమీ చేయదు, గ్రీజుని మాత్రం లాగేస్తుంది. సాండ్‌పేపర్ పెట్టావంటే చెక్క మీద ముద్రలు పోతాయి, తిరిగిరావు.

అందరూ తిట్టే "అంటుకునే బోల్ట్" జబ్బు చాలావరకు చాంబర్ (తూటా కూర్చునే చోటు) లోంచే వస్తుంది. బ్యారెల్ తుడుస్తారు, చాంబర్ వదిలేస్తారు. అక్కడ గట్టిపడ్డ గ్రీజు పది పదిహేను తూటాలకి వేడెక్కి మెత్తబడి, ఖాళీ కేసుని పట్టేస్తుంది. అప్పుడు సుత్తితో కొడితే తప్ప బోల్ట్ తెరుచుకోదు. 20 గేజ్ షాట్‌గన్ కంచు బ్రష్‌ని ఒక ముక్క క్లీనింగ్ రాడ్‌కి బిగించి, మినరల్ స్పిరిట్స్‌లో ముంచి, వెనక నుంచి చాంబర్‌లో మెల్లగా తిప్పు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా చెయ్యి.

బోల్ట్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టే సూది) తోక, బోల్ట్ వెనక ఉండే కాకింగ్ పీస్ వెనక భాగంతో సమానంగా ఉండాలి, రెండింటి మీద గీతలు కలవాలి. తర్వాత పిన్ ముందుకి ఎంత పొడుచుకొచ్చిందో కొలువు. తుపాకీతో ఇచ్చే రేకు పనిముట్టుకి 75, 95 అని రెండు గాళ్లు ఉంటాయి, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. 75 గాడి పెడితే పిన్ తగలాలి, 95 పెడితే తగలకూడదు. తక్కువైతే తూటా పేలదు, ఎక్కువైతే ప్రైమర్ (తూటా అడుగున అంటుకునే మందు బిళ్ల) చిల్లు పడి వేడి వాయువు వెనక్కి, ముఖం వైపు వస్తుంది. అందుకే ఈ పరీక్ష చేయకుండా ఒక్క తూటా కూడా వేయకు. వేరే తుపాకీ బోల్ట్ వేసి ఉందేమో అనిపిస్తే హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కీ తూటాకీ మధ్య ఖాళీ, కూడా గన్‌స్మిత్‌కి చూపించు.

సైన్యాలు అమ్మేసిన పాత మిగులు తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది కాలాక ఉప్పు మిగులుతుంది, గాలిలో తేమ లాగి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. నూనె ఆ ఉప్పుని కరిగించదు, నీళ్లే కరిగిస్తాయి. షూటింగ్ రేంజ్ నుంచి రాగానే వేడినీళ్లు బ్యారెల్‌లో పోసి, బోల్ట్ ముఖం కూడా కడిగి, బాగా ఆరబెట్టి, అప్పుడు నూనె రాయి.

గురి గురించి ఒక్కటి. ఎం44ని ఫ్యాక్టరీలో బాయ్‌నెట్ తెరిచి ఉంచి సరిచూశారు. మూసి పేలిస్తే తూటా పడే చోటు మారుతుంది, ముందు సైట్‌ని సర్దే ముందు బాయ్‌నెట్ తెరిచి ఒకసారి చూడు. రేంజ్ వాళ్లు ఒప్పుకుంటేనే సుమా.

కొనబోయేదాని బ్యారెల్ మొదలు, బోల్ట్ నంబరు, సైట్ ఆకు, మూతి, ఈ నాలుగు ఫొటోలు ముందు నాకు పంపు. దిగుమతిదారు ముద్ర ఉందో లేదో కూడా రాయి. 1968 తుపాకుల చట్టం తర్వాత అమెరికాకి మిగులు తుపాకుల రాక ఆగి, 1980లలో మళ్లీ మొదలైంది. ఆ ముద్ర లేదంటే అంతకుముందే వచ్చింది అయ్యుండొచ్చు, లేదా ఎవరో చెరిపేసి ఉండొచ్చు. వెలుతురు పక్కనుంచి పడేలా ఫొటో తీస్తే చెరిపిన చోటు తెలిసిపోతుంది.

ఉంటానురా,
రాజు