పాత మ్యాక్ అలర్ట్ సౌండ్లు: మేం ఇచ్చిన జిప్ ఫైలు వాడకండి

పాత మ్యాకింటాష్‌ల (యాపిల్ కంప్యూటర్ల) కోసం మేం ఇచ్చిన అలర్ట్ సౌండ్ల (తప్పు నొక్కినప్పుడు మోగే హెచ్చరిక శబ్దాల) సెట్‌ని జిప్ ఫైల్లో తీసుకున్నవాళ్లు దాన్ని తీసేయండి. తప్పు మాదే. ఈ ఫైళ్లలో శబ్దమంతా రిసోర్స్ ఫోర్క్‌లోనే (పాత మ్యాక్ ఫైలుకి ఉండే రెండో భాగంలోనే) ఉంటుంది. విండోస్‌లో జిప్ చేసేసరికి ఆ భాగం ఊడిపోయింది. మీ దగ్గర ఫైలు ఖాళీ తెల్లకాగితం బొమ్మతో కనబడి, డబుల్ క్లిక్ చేసినా మోగడం లేదంటే కారణం ఇదే. మీ స్పీకర్‌ని అనుమానించక్కర్లేదు.

కొత్త సెట్‌ని స్టఫిట్‌లో (మ్యాక్ ఫైళ్లను కుదించే ప్రోగ్రాములో) కుదించి, బిన్‌హెక్స్ చేసి (రెండు భాగాలూ ఊడకుండా మామూలు టెక్స్ట్‌గా మార్చి) ఇస్తున్నాం. మ్యాక్‌లోకి చేరాకే విప్పండి. 1.44 ఎంబీ ఫ్లాపీని పీసీ డ్రైవ్‌లోనూ రాసుకోవచ్చు కానీ, మ్యాక్ ప్లస్ వాడే 800 కేబీ ఫ్లాపీని పీసీ డ్రైవ్ రాయలేదు. ప్లస్ ఉన్నవాళ్లకు ఫ్లాపీనే పంపుతాం.

మీ మ్యాక్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ సిస్టమ్ 7 అయితే పని తేలిక. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసేయండి, లేకపోతే సిస్టమ్ ఫైలు మార్పు ఒప్పుకోదు. సౌండ్ ఫైలుని డబుల్ క్లిక్ చేసి విని, సిస్టమ్ ఫోల్డర్ బొమ్మ మీదికి లాగి వదలండి. ఎక్కడ పెట్టాలో అదే చెప్పి, సరేనా అని అడుగుతుంది. ఆపైన సౌండ్ కంట్రోల్ ప్యానెల్లో ఎంచుకోవడమే.

అంతకుముందుదైన సిస్టమ్ 6లో రెస్‌ఎడిట్ (ఫైళ్లలోని రిసోర్స్‌లను మార్చే యాపిల్ ప్రోగ్రాము) కావాలి. నడుస్తున్న సిస్టమ్ ఫైలుని మాత్రం ముట్టుకోకండి. వేరే ఫ్లాపీతో బూట్ చేసి, ముందు సిస్టమ్ ఫైలుకి కాపీ తీసి దాచండి. సౌండ్ రిసోర్స్ రకం పేరు నాలుగు అక్షరాలు: ఎస్, ఎన్, డీ, చివర ఒక స్పేస్. ఆ స్పేస్ వదిలేస్తే సౌండ్ జాబితాలోకే రాదు. ఐడీ (ఆ రిసోర్స్ నంబరు) 8192 లేదా అంతకన్నా పెద్దది ఇవ్వండి, దాని కిందివన్నీ యాపిల్ తనకోసం ఉంచుకున్నవి. హైపర్‌కార్డ్ అనే మ్యాక్ ప్రోగ్రాము నుంచి తెచ్చిన సౌండ్లు తరచూ ఫార్మాట్ 2లో ఉంటాయి. అలర్ట్‌కి ఫార్మాట్ 1 కావాలి, మార్చుకున్నాకే పెట్టండి.

సొంత శబ్దాలు చేయించుకునేవాళ్లకు ఒక మాట: సెకను దాటనివ్వకండి. 8 బిట్, 22 కిలోహెర్ట్జ్‌లో సెకనుకి సుమారు 22 కేబీ అవుతుంది. 1 ఎంబీ మెమరీ ఉన్న ప్లస్‌లో మూడు సెకన్ల డైలాగ్ పెడితే 65 కేబీ పోయినట్టే. పైగా అది మోగినంతసేపూ మెషిన్ మీ మాట వినదు. పదిసార్లు తప్పు నొక్కితే ఎంత సరదా డైలాగైనా విసుగే! 11 కిలోహెర్ట్జ్‌కి దించితే సైజు సగమవుతుంది, చిన్న స్పీకర్‌లో తేడా పెద్దగా తెలియదు.

అంతా సరిగ్గా చేసినా మోగకుండా మెనూ బార్ మాత్రమే మెరుస్తోందంటే వాల్యూమ్ సున్నాలో ఉంది. ఆపి ఆన్ చేసినప్పుడల్లా వాల్యూమ్ మారిపోతుంటే పీరామ్ (ఆపినా సెట్టింగ్‌లు గుర్తుంచుకునే చిన్న మెమరీ) బ్యాటరీ చూడండి. మ్యాకింటాష్ ఎస్‌ఈ/30 మోడల్లో శబ్దం మరీ సన్నగా వస్తే లీకైన కెపాసిటర్ల పనే, దానికి మా ఫ్లాపీ ఏమీ చేయలేదు.

ఆన్ చేయగానే వచ్చే మోతని కూడా మార్చమని చాలామంది అడుగుతున్నారు. అది రామ్‌లోనో డిస్క్‌లోనో కాదు, రోమ్ చిప్‌లో (మార్చడానికి వీల్లేని మెమరీలో) ఉంటుంది. ఈ సెట్‌తో మారదు.