బారు గోడకు మాత్రం చరిత్ర ఉండదా?

సంపాదకుల వారికి నమస్కారం.

పాత బార్ల గోడల మీది బొమ్మల్ని, నగిషీల్ని కాపాడాలన్న మీ ఆదివారం వ్యాసానికి జవాబుగా ఒక పాఠకుడు "తాగుబోతుల అడ్డాలకు హెరిటేజ్ ఏమిటి" అని రాశారు. నేను చుక్క ముట్టను, అయినా ఆ మాట మింగుడు పడలేదు. లోపల కూర్చున్నవాడికి గ్లాసు తప్ప ఏం కనిపిస్తుంది? బయటి గోడ బస్సు కోసం ఎదురుగా నిలబడే నాలాంటి వాడిది కదండీ.

లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన దగ్గర 'ది బ్లాక్ ఫ్రయర్' అనే పబ్ ఉంది. అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. మా అల్లుడు లోపలికి వెళ్లాడు, నాకు బయటి గోడే సరిపోయింది. 1875లో కట్టిన ముక్కోణపు బిల్డింగ్ అది, 1905 ప్రాంతంలో హెర్బర్ట్ ఫుల్లర్-క్లార్క్ అనే ఆర్కిటెక్ట్, హెన్రీ పూల్ అనే శిల్పి చేయి పడి దాని రూపే మారిపోయింది. ఒకప్పుడు ఆ చోట నల్ల అంగీల డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం ఉండేది, ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కాలంలో 1538లో మూతపడింది. ఇప్పుడు గోడల నిండా ఆ సన్యాసులే. తలుపు పైన బొజ్జ మీద చేతులు పెట్టుకుని నవ్వే ఒక లావుపాటి ఆయన, మొజాయిక్‌లో కొందరు, రాతి చెక్కడాల్లో ఇంకొందరు. మన దగ్గరైతే ఈపాటికి ధర్నా జరిగేది, అది వేరే సంగతి.

1960ల్లో దాన్నీ కూల్చేద్దామన్నారు. జాన్ బెట్జెమన్ అనే కవి, ఇంకొందరు గట్టిగా పోరాడి ఆపించారు. ఇవాళ ప్రభుత్వ రక్షణ జాబితాలో ఉంది, పబ్‌గానూ నడుస్తోంది. వ్యాపారం ఆగలేదు, గోడా పోలేదు.

మరి బెంగళూరులో? నేను రోజూ బస్సెక్కే రోడ్డులో ఒక పాత బంగళా పబ్ అయింది. కిటికీల మీద మంకీ టాప్స్ ఉండేవి, అదే, ఈ ఊరి పాత బంగళాలకు ఉండే కోసుగా దిగిన చెక్క చూర్లు, వాటిని పీకేసి ముందంతా నల్లటి ఏసీపీ (అల్యూమినియం, ప్లాస్టిక్ కలిపిన) షీట్లు కొట్టారు. ఒక మూల షీటు ఊడి వేలాడుతుంటే లోపల సున్నపు పూలతీగ కనిపించింది, దాని నడిమధ్యలో డ్రిల్లింగ్ కన్నం! లాల్‌బాగ్‌ తోటలో క్రుంబిగల్ హాలు అనే పాత ఉపన్యాస మందిరం 2017లో నేలమట్టమైనప్పుడు నాలుగు రోజులు అందరం బాధపడ్డాం, బార్ల విషయంలో ఆ నాలుగు రోజులు కూడా ఉండవు.

బోర్డుల మీద 60 శాతం కన్నడ ఉండాలని 2024లో రూలు తెచ్చారు, మంచిదే, చాలా షాపులు బోర్డులు మార్చుకున్నాయి కూడా. అలాగే పాత కట్టడాల ముఖాన్ని బోర్డుతోగానీ షీట్లతోగానీ కప్పకూడదని, కప్పితే లైసెన్సు రెన్యువల్ ఉండదని ఒక్క షరతు పెట్టమని నగర పాలక సంస్థను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. వాళ్లు ఏమంటారో కనుక్కుని వేస్తే సంతోషం.

ఇట్లు,
మీ పాఠకుడు, బెంగళూరు