ల్యాబ్ తలుపు, టిఫిన్ మూత, పిల్లల చేతులు

తల్లిదండ్రులకు నమస్కారం.

గురువారం ఇంటర్వెల్‌లో సైన్స్ ల్యాబ్ కొత్త తలుపు దగ్గర తోపులాట జరిగి ఒక బాబు వేలు నలిగిన సంగతి మీ వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. బాబు బాగున్నాడు, మర్నాడే బడికి వచ్చాడు. 'నెట్టండి' అని అంత పెద్దగా రాసి ఉన్నా పిల్లలకు చదవడం రాదా అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. తప్పు పిల్లలది కాదు, హ్యాండిల్‌ది. దాన్ని చూసి సరేనన్న నాది కూడా.

గుప్పిట్లో ఇమిడే నిలువు కడ్డీ కనబడితే చెయ్యి దాన్ని పట్టుకుని లాగుతుంది. అక్షరాలు చదివేది ఆ తర్వాతే. పట్టు లేని చదును పలక కనబడితే అరచెయ్యి దానంతటదే ఆనుతుంది. ఒక వస్తువు మనకు ఇచ్చే ఇలాంటి వీలుకు 'అఫోర్డెన్స్' అని పేరు పెట్టినవారు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గిబ్సన్. మన తలుపుకు రెండు వైపులా ఒకే రకం కడ్డీ. ఈ లోపాన్ని కనిపెట్టింది ఏడో తరగతి బి సెక్షన్ అమ్మాయిలు నలుగురు! మూడు ఇంటర్వెల్‌లు తలుపు దగ్గర నిలబడి, ఎవరు లాగుతున్నారో, ఎవరు నెడుతున్నారో గీతలు పెట్టి లెక్కించారు. నెట్టినవాళ్లలోనూ కొందరు బందుల వైపు నెట్టి, కదలక, మళ్లీ లాగారట. వాళ్లు చెప్పినట్టే నెట్టే వైపు కడ్డీ తీసేసి, బందులకు దూరపు అంచున, రెండో తరగతి పిల్లల ఛాతీ ఎత్తులో స్టీలు పలక బిగించాం. వాళ్లు బొమ్మలతో సహా రాసిన నివేదిక నోటీసు బోర్డులో ఉంది, చూడకుండా వెళ్లకండి.

పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం, బస్సు ఫీజు 10వ తేదీలోగా కట్టండి.

అసలు చెప్పాలనుకున్నది చేతుల గురించి. గిబ్సన్ 1962లో బిస్కెట్లు కోసే అచ్చులతో ఒక ప్రయోగం చేశారు. కళ్లతో చూడనివ్వకుండా అచ్చును అరచేతిలో నొక్కితే ఆకారం చెప్పగలిగింది దాదాపు సగం సార్లే. వేళ్లతో తడిమి చూడనిస్తే 95 శాతం. కదిలే చెయ్యికే తెలుస్తుంది! ఇంట్లో చూడండి: రెండు 30 సెంటీమీటర్ల స్కేళ్లు, రెండు సమానమైన చపాతీ పిండి ముద్దలు. ఒక ముద్దను ఒక స్కేలు చివర, రెండోదాన్ని రెండో స్కేలుకు పిడికిలి పక్కనే అంటించండి. కళ్లు మూసి మణికట్టుతో ఊపితే చివర ముద్ద ఉన్నదే పొడవుగా తోస్తుంది. మణికట్టు కొలిచేది బరువును కాదు, తిప్పడానికి ఎదురయ్యే జడత్వాన్ని. ముద్ద 5కు బదులు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ ముద్ద వల్ల వచ్చే జడత్వం 36 రెట్లు. ఫోను తెర మీద మామిడికాయను తడిమినా, ముళ్లపందిని తడిమినా వేలికి తగిలేది ఒకటే అద్దం.

మీ ప్రేమ నాకు తెలియనిది కాదు. కానీ మూడో తరగతి పిల్లలు కూడా టిఫిన్ బాక్సు చేత్తో పట్టుకుని, మూత తీయించుకోవడానికి ఆయమ్మ కోసం వరుసలో నిలబడుతున్నారు. వేడి అన్నం మీద మూత బిగిస్తే, చల్లారాక లోపలి ఆవిరి నీరై గాలి ఒత్తిడి తగ్గి మూత పీల్చుకుపోతుంది. దయచేసి కాస్త ఆరాక మూయండి. ఎడమ చేత్తో డబ్బాను బల్లకు అదిమి, కుడి బొటనవేలితో మూత మూల ఎత్తడం నేర్పండి. చెయ్యి తడిగా ఉంటే జారుతుంది, అందుకే రుమాలు. బూట్ల లేసులు కూడా మీరే కడుతున్నారని వేరే చెప్పక్కర్లేదు, ముడులు చూస్తే తెలుస్తోంది.

శనివారం పేరెంట్స్ మీటింగులో స్కేళ్లు, పిండి ముద్దలు గేటు దగ్గర బల్ల మీద ఉంటాయి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు