లయన్స్ ఓడిన వారం

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావు? ఇంట్లో అందరూ కులాసాయేనా? మొన్న ఫోన్‌లో నా గొంతు విని ఏమైందిరా అని అడిగావు. మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ డెట్రాయిట్ లయన్స్ ఓడిపోయారు, అదీ సంగతి. ఫోన్‌లో చెబితే తెమలదని రాస్తున్నాను.

ఈ 2024 సీజన్‌లో మావాళ్లు 17 మ్యాచుల్లో 15 గెలిచారు. టీమ్ పుట్టాక ఇన్ని ఎప్పుడూ గెలవలేదు. లీగ్ అంతటిలోనూ ఎక్కువ పాయింట్లు కొట్టిందీ వీళ్లే, 564. జనవరి 5న వైకింగ్స్ టీమ్‌ని 31-9తో చిత్తు చేస్తే, మా జమీర్ గిబ్స్ ఒక్కడే నాలుగు టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించడం) చేశాడు. ఈసారి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, మనదే అనుకున్నాం. 18న ప్లేఆఫ్‌లో (ఓడితే ఇంటికే అనే నాకౌట్ మ్యాచ్) వాషింగ్టన్ వాళ్లు మా ఫోర్డ్ ఫీల్డ్ స్టేడియానికే వచ్చి 45-31తో కొట్టిపోయారు. మావాళ్లు ఐదుసార్లు బంతి పోగొట్టుకున్నార్రా! అక్టోబర్‌లో మా ఐడన్ హచిన్సన్ కాలు విరిగినప్పటి నుంచీ నాకు టెన్షనే. ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే పాస్‌లు విసిరి ఆట నడిపేవాణ్ణి, వెంటాడి పడగొట్టేది అతనే మరి.

ఒక్క ఓటమికి ఇంత బాధేంటి అంటావేమో. ఒహాయోలో పోర్ట్స్‌మత్ అనే చిన్న ఊళ్లో పుట్టి, 1930లో లీగ్‌లో చేరి, 1934లో డెట్రాయిట్‌కి వచ్చిన టీమ్ ఇది. చివరి టైటిల్ 1957లో, సూపర్ బౌల్ అనేది పుట్టకముందు. ఇంతవరకు సూపర్ బౌల్ ఆడనే లేదు. బ్యారీ శాండర్స్ అంతటి ఆటగాడు పదేళ్లు ఆడినా ప్లేఆఫ్‌లో దక్కింది ఒక్క గెలుపే. 2008లోనైతే పదహారుకి పదహారూ ఓడారు. అయినా ఈ ఊరు వాళ్లని వదల్లేదు. అందుకే నాకింత ఇష్టం.

ఇప్పుడు ఆఫీసులో అందరూ మా క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌ని తిడుతున్నారు. ఆ రోజు మూడు పాస్‌లు ఎదుటివాళ్ల చేతుల్లో పెట్టాడు, నిజమే. కానీ అతన్ని తిడితే నేనొప్పుకోను. 2021లో లాస్ ఏంజెలెస్ టీమ్ రామ్స్ వాళ్లు మా అప్పటి క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్‌ని తీసుకుని ఇతన్ని మాకు వదిలేశారు. స్టాఫర్డ్ ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచాడు. అదే సీజన్‌లో కొత్త కోచ్ డాన్ క్యాంప్‌బెల్ కింద మావాళ్లు గెలిచింది మూడే. 2024 జనవరిలో అదే రామ్స్, అదే స్టాఫర్డ్ ప్లేఆఫ్‌కి డెట్రాయిట్ వచ్చారు. 24-23, మేం గెలిచాం! 32 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్ గెలుపురా. స్టేడియమంతా గాఫ్ పేరే అరుస్తుంటే, ఇక్కడ టీవీ ముందు మన తెలుగువాళ్లం కూడా గొంతు కలిపాం. వద్దని వదిలేసిన మనిషి ఈ ఊరికి అంత సంతోషం ఇచ్చాడు.

ఈ ఓటమి తర్వాత మా ఇద్దరు పెద్ద కోచ్‌లు వెళ్లిపోయారు. వాళ్లలో బెన్ జాన్సన్ ఏకంగా మా డివిజన్‌లోనే (లీగ్‌లో మా గ్రూపు) ఉన్న బేర్స్ టీమ్‌కే హెడ్ కోచ్ అయ్యాడు, ఇక ఏటా రెండుసార్లు అతనితోనే తలపడాలి. నవంబర్‌లో వస్తానన్నావుగా, థ్యాంక్స్‌గివింగ్‌కి ఇక్కడుండేలా టికెట్ తీసుకో. ఏటా ఆ రోజు లయన్స్ మ్యాచ్ ఉంటుంది, ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
శ్రీను