కారు లిఫ్ట్ కొనే ముందు బీము కింద టేపు పెట్టి చూడండి

సంపాదకులకు,

నమస్కారం. కాలనీ వీధుల్లో కార్లు నిలిపే చోటు కోసం జరిగే తగాదాల గురించి పత్రికల్లో తరచూ చదువుతూనే ఉన్నాం. ఆ తగాదాల నుంచి బయటపడే దారిగా, హైదరాబాద్‌లో రెండు వందల గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నవారు కొందరు తమ స్టిల్ట్‌లోనే, అంటే ఇంటి కింద పిల్లర్ల మధ్య వదిలిన పార్కింగు చోటులోనే, ఒక కారు మీద మరో కారును నిలబెట్టే లిఫ్ట్ పెట్టించుకోవాలని చూస్తున్నారు. ఆలోచన మంచిదే కానీ, లిఫ్ట్‌ను ఎంచుకునే తీరు మాత్రం తలకిందులుగా ఉంది. ఫ్యాక్టరీలో క్రేన్లు, హాయిస్టుల నిర్వహణ చూసి పదవీ విరమణ చేసిన నన్ను ఇరుగుపొరుగువారు అడుగుతున్న సందేహాలు చాలామందికి ఉండేవే కనుక, వాటికి నాకు తెలిసిన సమాధానాలను మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

లిఫ్ట్ అమ్మేవారిని ఎవరైనా మొదట అడిగేది "ఎన్ని టన్నులు లేపుతుంది?" అని. వారూ టన్నుల లెక్కే ముందు చెబుతారు. ఇంటి అవసరానికి ఇది పెద్ద ప్రశ్నేమీ కాదు. స్విఫ్ట్ లాంటి చిన్న కారు టన్నుకు కాస్త తక్కువగానే తూగుతుంది. ఇన్నోవా క్రిస్టా కూడా ఖాళీగా ఉన్నప్పుడు రెండు టన్నుల లోపే. ఇళ్ల కోసం అమ్మే లిఫ్టులు సాధారణంగా రెండు నుంచి మూడు టన్నులు మోసేవే కాబట్టి, పెద్ద ఎస్‌యూవీ ఉన్నవారు రెండు టన్నులదాన్ని వద్దనుకుంటే ఆ చర్చ అక్కడితో ముగుస్తుంది. అసలు చిక్కు ఎత్తు దగ్గర ఉంది.

స్టిల్ట్‌లో నేల నుంచి స్లాబు వరకు పది అడుగులు ఉందని యజమాని చెప్పినా, మధ్యలో అడుగున్నర లోతున బీము దిగి ఉంటుంది. దాని కిందుగా పై అంతస్తు బాత్రూముల డ్రైనేజీ పైపు కూడా వెళ్తుండవచ్చు. అంటే నిజంగా వాడుకోగలిగిన ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు, పైపు ఉంటే ఇంకా తక్కువ. ఇక కార్ల లెక్క చూద్దాం. స్విఫ్ట్ ఎత్తు సుమారు 1,520 మిల్లీమీటర్లు, క్రెటా 1,635, ఇన్నోవా క్రిస్టా 1,795. పై కారు నిలిచే ప్లాట్‌ఫారం మందం 125 మిల్లీమీటర్లు అనుకుని, దానికీ కింది కారు కప్పుకూ మధ్య ఒక 50, పై కారు కప్పుకూ బీముకూ మధ్య మరో 50 వదిలితే, ఒక స్విఫ్ట్ మీద మరో స్విఫ్ట్‌ను నిలపడానికే 3,265 మిల్లీమీటర్లు, అంటే పది అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు కావాలి. ఒకటి ఇన్నోవా, ఇంకొకటి క్రెటా అయితే సరిగ్గా పన్నెండు అడుగులు పడుతుంది. ఇది కూడా కారు కప్పు మీది యాంటెన్నాను, సామాను పెట్టుకునే క్యారియర్‌ను లెక్కలోకి తీసుకోకుండా చెప్పిన మాట. ఎత్తు తక్కువ ఉన్న చోట్ల కోసం పై కారును వాలుగా నిలిపే రకం ఒకటి ఉంది. ముందు వైపు పల్లంగా ఉండే సెడాన్లకు అది కొంతవరకు పనికొస్తుంది, నిటారుగా ఉండే ఎస్‌యూవీలకు అంతగా పనికిరాదు. ఎనిమిదిన్నర అడుగుల స్టిల్ట్ ఉన్నవారు దాన్ని కూడా ఆశించకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎత్తు చాలనప్పుడు కొందరు గొయ్యి తవ్వించుకోమని సలహా ఇస్తున్నారు. కింది కారు నేల మట్టానికి దిగువన దాగిపోయే ఈ ఏర్పాటు కాగితం మీద అందంగానే ఉంటుంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లోని సెల్లార్లు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ కాలనీల్లోని పార్కింగులు ఏ స్థితిలో ఉన్నాయో చూసినవారికి మాత్రం, ఇంటి ముందు తామే ఒక గొయ్యి తవ్వుకుని అందులో కారు దించాలన్న ఆలోచన రుచించదు. నీళ్లు తోడే పంపు, అది పాడైతే మరో పంపు, కరెంటు పోతే ఇన్వర్టరు అంటూ ఆ ఖర్చుకు అంతు ఉండదు. లిఫ్ట్ ఏ రకమైనా సరే, దాని మోటారునూ ఆయిలు ట్యాంకునూ నేలకు ఆనించకుండా నడుమెత్తుకు పైన బిగించాలని వరద ముప్పు ఉన్న కాలనీల వారు పట్టుబట్టాలి.

లిఫ్ట్ మీద మోజు చాలామందికి అమెరికా వీడియోల నుంచి వస్తోంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు తన గ్యారేజీలో నాలుగు స్తంభాల లిఫ్ట్ పెట్టించుకున్నాడని, అలాంటిదే ఇక్కడ కావాలని అడిగే తండ్రులు ఉన్నారు. అక్కడి గ్యారేజీకి చాలా చోట్ల కలప దూలాల కప్పు ఉంటుంది. ఎత్తు చాలకపోతే ఇంజినీరు చేత లెక్క వేయించి, సీలింగ్‌ను పైకి జరిపి, పైకి చుట్టుకునే తలుపు పట్టాలను కూడా ఎత్తించుకుంటారు. మన స్టిల్ట్ మీద ఆర్‌సీసీ స్లాబు, దాని మీద ఒక కుటుంబం, వారి మీద మరో కుటుంబం ఉంటాయి. ఇక్కడ ఒక్క అంగుళం కూడా పైకి జరపలేము.

ఎత్తు సరిపోయింది అనుకుందాం. తరువాత చూడవలసింది నేల. రెండు స్తంభాల లిఫ్ట్ బరువంతా రెండు బేస్ ప్లేట్ల మీదే పడుతుంది, ఆ ప్లేట్లను పట్టి ఉంచేది యాంకర్ బోల్టులు. ఇలాంటి లిఫ్టుల తయారీదారులు సాధారణంగా కనీసం నాలుగు అంగుళాల మందం ఉండి, పూర్తిగా క్యూరింగ్ అయిన గట్టి కాంక్రీటు అడుగుతారు. మన కాంక్రీటు గ్రేడుల లెక్కలో అది ఎం25కి తగ్గకూడదు. మన పార్కింగు నేలల్లో ఎక్కువ భాగం మొరం నింపి, పైన పలచగా కాంక్రీటు వేసి, పార్కింగు టైల్సో షాబాదు బండలో పరిచినవే. మా కాలనీలో ఒక ఇంట్లో బోల్టుకు రంధ్రం వేస్తుండగా నేను పక్కనే ఉన్నాను. డ్రిల్లు వెంట మొదట టైలు పొడి తెల్లగా వచ్చింది, ఆ వెంటనే సిమెంటు పొడి బూడిద రంగులో వచ్చింది, రెండు అంగుళాలు దాటగానే ఎర్రమట్టి వచ్చింది. బిగించేవారు ఇంకొంచెం పొడవైన బోల్టు వేస్తామన్నారు. మట్టిలోకి ఎంత పొడవు బోల్టు దించినా పట్టు దొరకదు. చివరకు స్తంభాలు వచ్చే చోట టైల్సు తీసి, తవ్వి, కడ్డీలు కట్టి, కొత్త కాంక్రీటు పోయించి, ఇరవై ఎనిమిది రోజులు ఆగిన తరువాతే లిఫ్ట్ నిలబెట్టారు. ఆ పని ఖర్చు లిఫ్ట్ కొటేషనులో ఎక్కడా లేదు.

నేల కింద ఇంకో సంగతి కూడా ఉంది. మన ఇళ్లలో నీటి సంపు, సెప్టిక్ ట్యాంకు రెండూ చాలాసార్లు పార్కింగు కిందే ఉంటాయి. సంపు మూత స్లాబు మీద కారు చక్రాలు వెళ్తున్నాయి కదా, లిఫ్ట్ ఎందుకు నిలవదు అని వాదించే మేస్త్రీలు ఉన్నారు. చక్రాల బరువు వచ్చి పోయేది, నాలుగు చోట్ల పంచుకునేది. స్తంభం బరువు ఒకే చోట రాత్రింబవళ్లు ఉండేది, పైగా ఒక పక్కకు లాగేది. సంపు గోడల నుంచి తగినంత దూరంలో పడేలా స్తంభాల చోటు మార్చాలి, కుదరకపోతే లిఫ్ట్ మానుకోవాలి. అలాగే స్తంభం కదులుతోందని దాన్ని ఇంటి పిల్లరుకో బీముకో డ్రిల్లు వేసి బిగించడానికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకూడదు. పిల్లరులోని కడ్డీ తెగితే నష్టం లిఫ్ట్‌తో ఆగదు.

వెడల్పు గురించి క్లుప్తంగా చెబుతాను. ప్లాట్‌ఫారం మీద కారు పట్టడం ఒక్కటే చాలదు, కారు ఎక్కించినవారు తలుపు తెరుచుకుని దిగగలగాలి. లిఫ్ట్ స్తంభానికీ ఇంటి పిల్లరుకూ మధ్య తలుపు ఇరుక్కుంటే రోజూ అవస్థే. కింది కారు డిక్కీ తలుపు పైకి తెరుచుకుంటే ప్లాట్‌ఫారానికి తగులుతుందేమో కూడా చూసుకోవాలి. పై కారు దిగాలంటే కింది కారు బయటకు రావాల్సిందే కాబట్టి, రెండు కార్లూ ఒకే కుటుంబానివైతేనే ఈ ఏర్పాటు సవ్యంగా సాగుతుంది. అద్దెకున్నవారి కారును కింద, తమ కారును పైన పెట్టుకున్నవారు తెల్లవారుజామున తలుపులు తట్టవలసి వస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన భద్రత గురించి. ప్లాట్‌ఫారాన్ని పైకి లేపేది హైడ్రాలిక్ ఆయిలు ఒత్తిడి; దాన్ని పైన నిలిపి ఉంచవలసింది మాత్రం ఉక్కు లాకు. ప్లాట్‌ఫారం లేస్తున్నప్పుడు ఒక్కో గాడి దాటుతున్న కొద్దీ టక్కు టక్కుమని చప్పుడు వస్తుంది. కావలసిన ఎత్తు దాటాక కొద్దిగా కిందికి దించి, రెండు వైపులా లాకులు గాడిలో కూర్చున్నాయని కంటితో చూసుకున్న తరువాతే వదలాలి. ఈ ఆఖరి మెట్టు ఎగ్గొట్టి, మోటారు ఆపేసి బరువును ఆయిలు మీదే వదిలేస్తే, సీలు అరిగినకొద్దీ ప్లాట్‌ఫారం రాత్రికి రాత్రే కొంచెం కొంచెంగా దిగుతుంది. హోసు పగిలితే వేగాన్ని ఆపే వాల్వు ఉందా, వైరు రోపు వదులైతే యంత్రం దానంతట అదే ఆగుతుందా, కరెంటు పోయినప్పుడు చేత్తో దించే వీలుందా అన్నవి కొనే ముందే అడిగి, మాటతో సరిపెట్టుకోకుండా చేసి చూపించమనాలి.

మీట నొక్కి పట్టుకున్నంతసేపే కదిలి, వేలు తీయగానే ఆగిపోయే లిఫ్ట్ మాత్రమే ఇంటికి తగినది. బాల్కనీలో నిలబడి రిమోటుతో దించుకోవచ్చని కొందరు సౌకర్యంగా చెబుతున్నారు. నా దృష్టిలో అది ఆ లిఫ్ట్‌ను తిరస్కరించడానికి చాలినంత కారణం. కింద పిల్లలు ఆడుకుంటున్నారో, కారు కింద కుక్క పడుకుందో మీట నొక్కేవారికి కనబడాలి. తాళంచెవి లేనిదే పని చేయని స్విచ్చు, ప్లాట్‌ఫారం కింద ఎవరైనా ఉంటే ఆపే సెన్సారు ఉండితీరాలి. దిగుమతి సరుకు మీద సీఈ స్టిక్కరు (యూరప్ నిబంధనలకు సరిపోతుందని తయారీదారు వేసే గుర్తు) చూసి తృప్తి పడకుండా, ఏ ప్రమాణం ప్రకారం తయారైందో కాగితం అడగాలి. యూరప్‌లో మరమ్మతు లిఫ్టులకు ఈఎన్ 1493, పార్కింగు యంత్రాలకు ఈఎన్ 14010 అని వేర్వేరు ప్రమాణాలు ఉన్నాయి. అమెరికాలో మరమ్మతు లిఫ్టుల మీద ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ ముద్ర చూస్తారు.

ఈ తేడా కొనేవారు గుర్తించవలసినది. పార్కింగు కోసం కొన్న లిఫ్ట్ కింద దూరి ఆదివారం పూట ఆయిలు మార్చుకోవాలని అనుకోవద్దు. పాత అంబాసిడరో జీపో ఉండి, సొంతంగా పని చేసుకునే సరదా ఉన్నవారికి కత్తెరలా విచ్చుకుంటూ నాలుగు అడుగుల వరకు లేపే సిజర్ లిఫ్ట్ సరిపోతుంది. దాన్ని పూర్తిగా లేపకుండా, కారు కప్పు బీముకు తగలనంత మేరకే వాడుకుంటే ఎనిమిదిన్నర అడుగుల స్టిల్ట్‌లో కూడా ఇముడుతుంది. కారు మధ్య భాగం మాత్రం దాని చట్రం చాటున పడి చేతికి అందదు. నిలబడి పని చేసే రెండు స్తంభాల లిఫ్ట్ కావాలంటే మళ్లీ పదకొండు అడుగుల మాటే వస్తుంది.

ఇప్పటికే కట్టిన ఇళ్లలో చాలావాటికి ఈ లెక్కల ప్రకారం జంట పార్కింగు లిఫ్ట్ కుదరదు, కుదరదని చెప్పే అమ్మకందారు అరుదు. కొత్తగా కట్టుకునేవారికి మాత్రం అవకాశం చేతిలోనే ఉంది. ప్లాను గీయించేటప్పుడే స్టిల్ట్ ఎత్తును నిబంధనలకు లోబడి ఎంతవరకు పెంచవచ్చో ఇంజినీరుతో తేల్చుకుని, లిఫ్ట్ వచ్చే చోట సంపు లేకుండా, బీము అడ్డు రాకుండా, స్తంభాల కింద విడిగా కాంక్రీటు దిమ్మెలు పోయించుకోవచ్చు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ భవన అనుమతుల విధానంలో 600 గజాల లోపు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి ఇవ్వడం మొదలైంది కాబట్టి, కట్టిన తరువాత ఎత్తు మార్చుకుందామనుకుంటే ఆ తేడాకు బాధ్యత యజమానిదే అవుతుంది.

పురపాలక అధికారులకు మీ పత్రిక ద్వారా ఒక్క విన్నపం. ఇంటి ప్లానుల్లో పార్కింగు అంతస్తు ఎత్తును బీము అడుగు నుంచి కొలిచి విడిగా చూపాలనీ, యంత్రంతో కార్లు నిలిపే ఉద్దేశం ఉంటే సంపు, సెప్టిక్ ట్యాంకు ఎక్కడున్నాయో అదే కాగితం మీద గుర్తించాలనీ నిబంధన పెడితే, ప్లానును పరిశీలించేవారికి, రేపు ఆ ఇంటిని కొనేవారికి, లిఫ్ట్ బిగించడానికి వచ్చేవారికి ఒకే కాగితం సరిపోతుంది.

ఇట్లు,
విశ్రాంత మెకానికల్ ఇంజినీరు,
హైదరాబాద్