ముందు కార్పొరేటర్, తర్వాతే కార్పొరేషన్ పన్ను

సంపాదకుడు గారికి,

నమస్కారం. విజయవాడ చుట్టూ ఉన్న పంచాయతీలను కార్పొరేషన్‌లో కలిపేస్తారన్న మాట మళ్లీ మొదలైంది. రామవరప్పాడు రింగు దాటాక ప్రసాదంపాడు, ఏనికేపాడు, నిడమానూరు దాకా ఏ టీకొట్టు దగ్గర ఆగినా ఇదే చర్చ. మా ఊరూ ఆ దారిలోదే. పేరుకు పంచాయతీ గానీ, ఇప్పుడు మా ఊళ్లో వరి చేను చూపించమంటే కాసేపు నడిపించాలి.

మొన్న ఆదివారం రామాలయం అరుగు మీద కూర్చున్నాం. అపార్ట్‌మెంట్ల వాళ్లు ఒకవైపు, సొంతిళ్లున్న పాతవాళ్లు ఒకవైపు. కలిస్తే డ్రైనేజీ వస్తుందని అపార్ట్‌మెంట్ల వాళ్లు, కలిస్తే ఇంటిపన్ను నెత్తి మీదికొస్తుందని సొంతిళ్ల వాళ్లు. రెండు గంటలు అరుచుకుని, ఎవరి మాట మీద వాళ్లు లేచి వెళ్లారు. ఇద్దరూ చెప్పింది నిజమే కాబట్టి తెగలేదు.

డ్రైనేజీ సంగతి ముందు చెబుతాను. మా వీధిలో అపార్ట్‌మెంట్లు ఏడు. ఒక్కదానికీ భూగర్భ డ్రైనేజీ లేదు. సెప్టిక్ ట్యాంకు నిండితే బండి వస్తుంది. ఆ లావుపాటి పైపు వీధిలో పరిచిన రోజున తలుపులు, కిటికీలు బిగించుకుని అన్నం తింటాం. ఇదంతా తీసుకెళ్లి ఎక్కడ పోస్తావయ్యా అని ఒకసారి డ్రైవర్ని అడిగాను. నవ్వి, స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. ఇక అడగాల్సిన పని లేకపోయింది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు ఇంకో సంగతి కళ్లారా చూశాం. సింగ్‌నగర్‌ని ముంచిన బుడమేరు కొల్లేరుకు పోవాలంటే ఏనికేపాడు దగ్గర రైవస్ కాలువ కింద ఉన్న యూటీ, అంటే అండర్ టన్నెల్, గుండానే పోవాలి. పైన నగరం, కింద పల్లెలు, నీళ్లు మాత్రం ఒక్కటే. కాలవలో ఈ ముక్క కార్పొరేషన్‌ది, ఆ ముక్క పంచాయతీది అనుకుంటూ కూర్చుంటే పూడిక ఎవరు తీస్తారు? అందుకే నా మటుకు నేను విలీనానికి వ్యతిరేకిని కాను. పటమట, గుణదల, భవానీపురం కూడా 1985లో కార్పొరేషన్‌లో కలిసినవే. మళ్లీ పంచాయతీలు చేస్తామంటే ఇవాళ పటమట వాళ్లు ఊరుకుంటారా?

ఇక పన్ను. మన రాష్ట్రంలో పట్టణాల ఇంటిపన్ను ఇదివరకు అద్దె విలువ మీద ఉండేది. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీదికి మార్చారు. అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకంలో మన స్థలం విలువ పెరిగితే పన్నుకూ రెక్కలొస్తాయి. నేను రిటైరైన మనిషిని. ఇల్లు అమ్మను, అద్దెకివ్వను. పక్కనే కొత్త రోడ్డు పడి గజం ధర పెరిగిందంటే సంతోషపడాలో, డిమాండు నోటీసు కోసం ఎదురుచూడాలో తెలియడం లేదు.

ఒక్క ఏడాదిలో 15 శాతానికి మించి పెంచకూడదని అప్పుడే ఒక హద్దు కూడా పెట్టారు. అరుగు మీద ఒకాయన దాన్నే పట్టుకుని, పదిహేనేగా, దానికింత టెన్షన్ ఎందుకన్నాడు. ఆయన చేతిలోని పేపరు అంచు మీదే పెన్నుతో లెక్క వేసి చూపించాను. ఇవాళ 2,000 కట్టే ఇంటికి ఏటా 15 శాతం చొప్పున పెంచుకుంటూ పోతే ఐదేళ్లకు 4,000 దాటుతుంది. పెన్షను ఆ లెక్కన పెరగదు. పైగా అసలు మెలిక వేరే ఉంది. ఆ 15 శాతం మా పంచాయతీ పన్ను మీద మొదలవుతుందా, కార్పొరేషన్ వాళ్లు కొత్తగా కొలతలు వేసి తేల్చిన పన్ను మీదా? మొదటిదైతే నెమ్మదిగా సర్దుకోవచ్చు. రెండోదైతే మొదటి ఏడాదే గూబ గుయ్యిమంటుంది. కలపాలనే నాయకులు గానీ, వద్దనే నాయకులు గానీ దీనికి జవాబు చెప్పగా నేను వినలేదు.

కూలికి వెళ్లే కుటుంబాల సంగతి ఆ అరుగు మీద ఎవరూ ఎత్తలేదు. గ్రామీణ ఉపాధి పనులు పంచాయతీ ఉన్నన్నాళ్లే. ఊరు పట్టణంలో కలిసిన రోజున ఆ జాబ్ కార్డు చిత్తుకాగితం. వాళ్ల ఇంటిపన్ను తక్కువే కావచ్చు, పోయేది మాత్రం మా అందరికంటే ఎక్కువ.

ఇంత చెప్పినా నా గోడు పన్ను పెరుగుతుందని కాదు. కట్టే పన్నుకు జవాబు చెప్పే మనిషి ఉంటాడా లేడా అని.

మా బావగారిది గుంటూరు గోరంట్ల. 2012లో గోరంట్ల, నల్లపాడు, ఏటుకూరు, బుడంపాడు లాంటి పది ఊళ్లను గుంటూరు కార్పొరేషన్‌లో కలిపారు. అప్పటికే అక్కడ పాలకవర్గం గడువు తీరి రెండేళ్లయింది. 2005 తర్వాత మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే ఆ పది ఊళ్ల జనం సర్పంచినీ వార్డు మెంబర్లనూ పోగొట్టుకుని, కార్పొరేటర్ మొహం చూడటానికి తొమ్మిదేళ్లు ఆగారు. "మునుపు వీధిలైటు పోతే సర్పంచి ఇంటి ముందు నిలబడి తిట్టేవాళ్లం బావా, ఆ తర్వాత తిట్టడానికి కూడా మనిషి లేకుండా పోయాడు" అంటాడు మా బావ. అంత దూరం ఎందుకు, మా పక్కనే కానూరు, పోరంకి, యనమలకుదురు, తాడిగడప కలిపి 2020 చివర్లో మున్సిపాలిటీ చేశారు. 2021 మార్చిలో రాష్ట్రంలో పురపోరు జరిగితే అక్కడ పోలింగే లేదు.

సర్పంచులంతా గొప్పవాళ్లని నేననడం లేదు. మా ఊళ్లో ఒక మురుగు కాలవ ఏ సందు గుండా పోవాలన్న దగ్గర ఎన్ని బంధుత్వాలు అడ్డొచ్చాయో నాకు తెలుసు. అయినా పొద్దున్నే పాలకు వెళ్తే ఎదురుపడే మనిషి ఆయన. నిలదీస్తే తప్పించుకోవడానికి దారి ఉండదు. ఎన్నికైన వాళ్లు లేనప్పుడు పాలన చూసే స్పెషలాఫీసరు అలా ఎదురుపడరు.

కాబట్టి ప్రభుత్వాన్ని నేను కోరేది ఒక్కటే. మా ఊళ్లను కలిపే జీవోలోనే ఒక వాక్యం రాయండి. కొత్త డివిజన్లకు ఎన్నికలు జరిగి, మా కార్పొరేటర్లు ప్రమాణం చేసేదాకా మా దగ్గర పంచాయతీ పన్నే వసూలు చేస్తామని. అప్పుడు ఎన్నికలు త్వరగా పెట్టాలన్న తొందర మాకంటే కార్పొరేషన్ ఖజానాకే ఎక్కువగా ఉంటుంది. గ్రామసభ తీర్మానం కావాలంటే మొదటి సంతకం నేనే పెడతాను. మా వీధిలో పన్ను భయంతో వద్దంటున్న వాళ్లలో సగం మందిచేత పెట్టించగలను కూడా.

ఆ రోజు అందరూ లేచిపోయాక, మాకు పాలు పోసే ఆవిడ దగ్గరకొచ్చి అడిగింది. "అన్నయ్యగారూ, కార్పొరేషనయితే గేదెలు ఉంచనిస్తారా?" ఆవిడకున్నవి నాలుగు గేదెలు, ఇంటి పక్కనే రేకుల పాక. కనుక్కుని చెబుతానన్నాను. పంచాయతీ ఆఫీసులో అడిగితే మాకు తెలియదు, కార్పొరేషన్‌లో అడగమన్నారు. కార్పొరేషన్‌లో అడిగితే మీ ఊరు ఇంకా మాది కాదుగా అన్నారు. ఆవిడ రోజూ పొద్దున పాలు కొలుస్తూ నా మొహం వంక చూస్తోంది. మీ పత్రిక ద్వారానైనా ఎవరో ఒకరు జవాబు చెబితే ఆవిడకు వినిపిస్తాను.

ఇట్లు,
ఒక పంచాయతీ నివాసి,
విజయవాడ రూరల్ మండలం