బియ్యంతో పాటు కాగితాలు కూడా

సంఘ సభ్యులందరికీ వందనాలు.

క్రిస్మస్‌కు విధవరాండ్రకు చీర, బియ్యం ఇవ్వడం మనకు అలవాటే. ఈసారి ఇంకో పని కూడా పెట్టుకుందామని పాస్టరుగారు, పెద్దలు అనుకున్నారు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం గుర్తుందా? గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపిణీలో చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. అపొస్తలులు ప్రార్థనతో సరిపెట్టలేదు, స్తెఫనుతో సహా ఏడుగురిని ఆ పనికే నియమించారు. మనకు ఇద్దరు చాలు.

భర్త చనిపోయిన ఇంటికి వెళ్లి మరణ ధ్రువపత్రం వచ్చిందా అని అడగడమే వారి పని. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. కూలికి వెళ్లే మనిషి ఆ తిరుగుడు ఎక్కడ తిరగగలదు? ఆ కాగితం లేనిదే నెలకు 4,000 రూపాయల ఎన్టీఆర్ భరోసా వితంతు పింఛను రాదు. తండ్రి లేని పిల్లలుంటే మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద పిల్లలకిచ్చే సాయం కోసం జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి. మన సంఘం వారా కాదా అని చూడవద్దు.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెబుతున్నాను. ఇచ్చేటప్పుడు ఫోటోలు వద్దు. బియ్యం సంచితో నిలబెట్టి తీసిన ఫోటో రేపు ఆ ఇంటి పిల్లవాడి తోటివాళ్ల ఫోన్లలో తిరుగుతుంది. ఇంటికి వెళ్లి ఇవ్వండి, కాసేపు కూర్చోండి, ఆమె టీ ఇస్తే తాగండి.

స్త్రీల సమాజం నుంచి ఒకరు, యౌవనస్థుల నుంచి ఒకరు ఆదివారంలోపు పేర్లు ఇక్కడ పెట్టండి. బండి ఉన్నవారైతే మరీ మంచిది.